మజ్జిగ బాకీ

నేతాజీ సుభాస్ చంద్రబోస్ గారు మా అత్తగారికి చెంబెడు మజ్జిగ బాకీ ఉన్నారు.

నవ్వకండి. ఈ సంగతి మా కమాన్‌పూర్‌లో మా వాడకంతటికీ తెలుసు. 2001లో నేను కొత్తకోడలుగా ఈ ఇంట్లో అడుగుపెట్టిన వారం తిరక్కుండానే నాకూ తెలిసింది. కొత్తకోడలికి ఎవరైనా ముందుగా ఉప్పు డబ్బా ఎక్కడుందో, పప్పు డబ్బా ఎక్కడుందో చూపిస్తారు. మా అత్తగారు మాత్రం నేతాజీ మజ్జిగ తాగిన ఇత్తడి చెంబు చూపించారు. చింతపండు పెట్టి తళతళా తోమి, దేవుడి గూట్లో బోర్లించి ఉంది.

ఇది 1978 శ్రావణమాసంలో జరిగిందట. మా ఊరికి దగ్గర్లోనే రామగిరి ఖిల్లా ఉంది. శ్రావణం వచ్చిందంటే చాలు, మూలికల కోసం వైద్యులూ, కోట చూడ్డానికి జనమూ ఆ కొండెక్కుతారు. అప్పటికి మా అత్తగారికి ఇరవయ్యొకటో ఏడు. ఇరుగుపొరుగు ఆడవాళ్ళతో కలిసి సద్ది మూటకట్టుకుని వెళ్ళి, సాయంత్రం దిగి వస్తుంటే చెట్టు కింద ఒక సాధువు కనబడ్డాడట. నిండైన మొహం, బట్టతల, గుండ్రటి కళ్ళద్దాలు.

"ఏ ఊరు సామీ?" అని అడిగారట వీళ్ళు. నవ్వాడట.

"పేరేంది సామీ?" అంటే మళ్ళీ నవ్వాడట.

సరే, పాపం ఎండన పడి ఉన్నాడని మా అత్తగారు చెంబులో మిగిలిన మజ్జిగ ఇచ్చారు. గుటగుటా తాగి, చెయ్యెత్తి దీవించాడు. ఇంటికొచ్చాక ఈ ముచ్చట ఎవరో బళ్ళో పంతులుగారి చెవిన వేశారు. "గుండ్రటి అద్దాలా? పేరు చెప్పలేదా? ఇంకెవరమ్మా, ఆయనే!" అన్నారు పంతులుగారు. మర్నాడు పొద్దున సగం ఊరు చెంబులు పట్టుకుని కొండకి పరుగెత్తింది. సాధువు లేడు. దాంతో అనుమానం తీరిపోయింది. ఉంటే మామూలు సాధువే అయిపోయేవాడు కదా, మాయమయ్యాడు గనక నేతాజీయే!

"మల్ల నేను చెంబు కడిగిస్తనని చేత్తో సైగ చేసిండు. అద్దు సామీ, మీరు మల్లొచ్చినప్పుడు జూద్దాం అన్న. మల్ల రాలె. గా సల్ల బాకి గట్లనే ఉన్నది" అంటారు మా అత్తగారు, ఎంతో ధీమాగా.

ఏ మాటకామాటే చెప్పుకోవాలి. ఇలాంటి సాధువు లేని ప్రాంతం మన దేశంలో ఎక్కడుంది చెప్పండి? ఉత్తర బెంగాలులో శౌల్‌మారీ ఆశ్రమం సాధువుని చూసి 1960ల్లో ఎంతోమంది నేతాజీయే అని నమ్మారు. ఫైజాబాద్‌లో తెర వెనక కూచుని మాట్లాడే గుమ్‌నామీ బాబా 1985లో పోయారు. ఆయన గురించి 2016లో ఏకంగా ఒక కమిషనే వేశారు. ఆయన నేతాజీ అని ఆ కమిషన్ కూడా తేల్చలేదు. మన తెలుగునాట మాత్రం తక్కువా? అల్లూరి సీతారామరాజుని 1924 మే 7న కొయ్యూరులో కాల్చేశారు. ఆయన చనిపోలేదనీ, సన్యాసి వేషంలో తిరుగుతున్నాడనీ ఎంతకాలమో చెప్పుకున్నారు. మనకి నచ్చిన మనిషిని చావనివ్వడానికి మనకి మనసొప్పదు. అదీ అసలు సంగతి.

ఇదంతా ఇప్పుడెందుకు చెబుతున్నానంటే, మొన్న జనవరిలో తొమ్మిదో తరగతి చదివే మా అమ్మాయికి బళ్ళో నేతాజీ మీద వ్యాసం రాయమన్నారు. అది లెక్కలు వేసి, "నానమ్మా, నేతాజీ పుట్టింది 1897లో. 1978కి ఎనభై ఒక్క ఏళ్ళు. ఆ వయసులో రామగిరి గుట్ట ఎక్కాడా?" అంది.

"యోగం జేసేటోల్లకు వయసుతోటి ఏం పనే?" అన్నారు మా అత్తగారు. దానితో లెక్క కొట్టుకుపోయింది.

ఆ పూట చిక్కుడుకాయలు ముందేసుకుని ముగ్గురం కూచున్నాం. పిల్లదాని కోసం తెచ్చిన పుస్తకాల్లోంచి నేను చదివి వినిపిస్తూ పోయాను. అసలు కథ వింటే మా అత్తగారి సాధువు కథ ఏ మూలకీ రాదు.

1941 జనవరి 16 అర్ధరాత్రి దాటాక సుభాస్ బాబు కలకత్తా ఎల్గిన్ రోడ్డులోని ఇంట్లోంచి బయటపడ్డారు. ఇంటి చుట్టూ పోలీసుల నిఘా. ఆయన ఒంటిమీద మహమ్మద్ జియాఉద్దీన్ అనే ఇన్సూరెన్సు ఏజెంటు వేషం. కారు నడిపింది అన్నకొడుకు శిశిర్. లోపల గదిలో సుభాస్ బాబు ఎవర్నీ చూడకుండా ధ్యానంలో ఉన్నారని ఇంట్లో చెప్పారు. రోజూ తెర దగ్గర భోజనం పెట్టేవారు. ఇలా అనే అన్నకూతురూ, రహస్యం తెలిసిన మరో ఇద్దరు పిల్లలూ ఆ భోజనం తినేసేవాళ్ళు, ఎవరికీ అనుమానం రాకుండా. జనవరి 26 దాకా ఈ నాటకం నడిచింది.

"మల్ల ఆయన తల్లి?" అన్నారు మా అత్తగారు, చిక్కుడుకాయ ఈనె తీస్తూ.

"ఆవిడకి చెప్పలేదత్తమ్మా."

"గదే ఇంట్లుండి?"

"అదే ఇంట్లో ఉండి. ఆవిడ 1943లో పోయారు. కొడుకుని మళ్ళీ చూడలేదు."

ఆవిడ చేతిలో కాయ పక్కన పెట్టేశారు. కాసేపు ఏమీ అనలేదు.

తర్వాత భాగం మనలాంటి బొగ్గు ఊళ్ళ వాళ్ళకి ఇంకా దగ్గర. శిశిర్ ఆ కారుని తిన్నగా తీసుకెళ్ళింది ధన్‌బాద్ బొగ్గుగనుల ప్రాంతానికే. అక్కడ బరారీలో శిశిర్ అన్నగారు అశోక్ ఇల్లుంది. పగలంతా నౌకర్ల ముందు అన్నకొడుకూ బాబాయీ ముక్కూమొహం తెలియని వాళ్ళలా మసిలారు. ఇన్సూరెన్సు ఏజెంటుగారొచ్చారు, ఉంటారు, రాత్రి బండికి వెడతారు, అంతే. చీకటి పడ్డాక అన్నదమ్ములిద్దరూ, అశోక్ భార్యా కలిసి ఆయన్ని గోమో స్టేషనుకి తీసుకెళ్ళి కాల్కా మెయిలు ఎక్కడానికి దింపి వచ్చారు. ఆయన అలా ఓవర్‌బ్రిడ్జి మీద నడుచుకుంటూ వెళ్ళిపోతుంటే చూశారట. ఆ స్టేషనుకి 2009లో నేతాజీ పేరే పెట్టారు. దొంగపేరుతో రైలెక్కిన చోట సొంతపేరు బోర్డు!

అక్కణ్ణుంచి పెషావరు. అక్కడ జియాఉద్దీన్ పోయి, మూగా చెవిటీ పఠాను వచ్చాడు. ఆ భాష రాదు గదా మరి. కాబూల్‌లో ఉత్తమ్‌చంద్ మల్హోత్రా అనే దుకాణదారు ఇంట్లో ఆ భార్యాభర్తల దయ వల్ల తలదాచుకున్నారు. తర్వాత ఓర్లాండో మజోట్టా అని ఇటలీ పాస్‌పోర్టు. మాస్కో మీదుగా ఏప్రిల్ మొదట్లో బెర్లిన్ చేరారు. మన హైదరాబాదు మనిషికీ ఈ కథలో చోటుంది. ఇంజనీరింగు చదవడానికి జర్మనీ వెళ్ళిన ఆబిద్ హసన్ అక్కడే ఆయన దగ్గర చేరాడు. 1943 ఫిబ్రవరిలో జలాంతర్గామిలో బయల్దేరినప్పుడు వెంట ఉన్న ఒకే ఒక్క భారతీయుడు ఆయనే. మూడు నెలల సముద్రం కింద ప్రయాణం. 'జై హింద్' అన్న పలకరింపు ఆయన పెట్టిందే అంటారు. 1984లో హైదరాబాదులోనే పోయారు.

అన్నీ విని మా అత్తగారు ఒకే ఒక్క ప్రశ్న వేశారు.

"గన్ని పేర్లు మార్చినంక, రాత్రిపూట నిద్రల ఎవలన్న పిలిస్తే ఏ పేరుకు లేస్తుండెనో పాపం?"

మా అమ్మాయి నవ్వింది. నేను నవ్వలేదు. ఎందుకో చెప్పాలంటే మళ్ళీ 2001కి వెళ్ళాలి.

నేను కాపురానికొచ్చిన రెండోనెల. మధ్యాహ్నం ఇంటి ముందు ఒకాయన సైకిలు ఆపి, బాయి నుంచి వచ్చానన్నాడు. మా వైపు బొగ్గుగనిని బాయి అనే అంటారు. ఫలానా ఆయన ఇల్లు ఇదేనా అని ఒక పేరు చెప్పాడు. నేను మా మామగారి పేరు శుభలేఖలో అచ్చేసి చూసినదాన్ని. "కాదండీ, ఆ పేరుగల వాళ్ళెవరూ లేరిక్కడ" అన్నాను, చదువుకున్న కోడలి హోదాలో. ఆయన అరుగు మీది మామగారి సైకిలు వంకా, నా వంకా మార్చి మార్చి చూశాడు. ఇంతలో లోపల్నుంచి మా అత్తగారు పిండి చేతులతోనే పరుగెత్తుకొచ్చారు.

"గిదే ఇల్లు, గిదే ఇల్లు! పిల్ల కొత్తది, తెల్వదు."

ఆయన షిఫ్టు మారిందన్న కబురేదో చెప్పి వెళ్ళిపోయాడు. మా అత్తగారు నన్ను వంటింట్లోకి తీసుకెళ్ళి తలుపు దగ్గరగా వేశారు. అప్పుడు చెప్పారు.

1974లో బాయిలో పనికి రమ్మని కార్డు వచ్చింది మామగారికి కాదు, ఆయన పెదనాన్న కొడుక్కి. ఆ బావగారు ఒక్కరోజు కిందికి దిగాడట. చీకటీ, ఉక్కా, తలమీద విరుచుకు పడేలా పైకప్పూ చూసి పైకొచ్చేసి, "మన్ను మీదనే బతుకుత, మన్ను కింద నాతోని గాదు" అన్నాడట. ఆ ఏడు వానల్లేవు. మామగారికి ఉన్నది రెండెకరాలు. అదే కార్డు జేబులో పెట్టుకుని ఆయన వెళ్ళారు. టోపీ లైటు పెట్టుకుని బొగ్గు పులుముకున్నాక అందరి మొహాలూ ఒక్క తీరే కదా. మస్టరులో పిలిచిన పేరుకి ఈయన పలికారు. అంతే. అలా ముప్పై ఆరేళ్ళు పలికారు.

ఇలాంటి వాళ్ళు మా వైపు ఒకరూ ఇద్దరూ కాదు. మారుపేర్లంటే బొగ్గుబాయిల ప్రాంతంలో తెలియని ఇల్లుండదు. అన్న కార్డు మీద తమ్ముడూ, మేనమామ కార్డు మీద అల్లుడూ. ఎవరి ఆస్తీ దోచుకోలేదు, ఎవరి కొంపా కూల్చలేదు. కాయకష్టం చేసి జీతం తెచ్చుకోవడానికి ఇంకొకరి పేరు తొడుక్కున్నారు. తప్పు కాదని నేననను. ఆ తప్పు మా ఇంట్లోదే.

మామగారు పేరు ఊరికే తీసుకోలేదు సుమండీ. ప్రతి దసరాకీ ఆ బావగారికి ధోతీ, తువ్వాలూ, ఒక కోడిపుంజూ వెళ్ళేవి. "పేరు కిరాయి" అని నవ్వేవారు ఇద్దరూ. పండగపూట జమ్మిచెట్టుకి కట్టే చీటీ మీద మాత్రం మామగారు తన సొంతపేరే రాసుకునేవారు. పాండవులు ఆయుధాలు దాచిన చెట్టు కదా అది. ఈయన తన పేరు అక్కడ దాచుకున్నట్టనిపించేది నాకు. కమాన్‌పూర్ ఆదివరాహస్వామి దగ్గర అర్చనకీ సొంతపేరే. దేవుడికి మస్టరు చూపించక్కర్లేదు గదా!

అజ్ఞాతవాసం మాట వచ్చింది గనక చెబుతాను. తిక్కనగారి విరాటపర్వం మనందరికీ ఎరుకే. వానలు పడకపోతే చదివించుకుంటాం కూడా. ధర్మరాజు కంకుభట్టు, భీముడు వలలుడు, అర్జునుడు బృహన్నల. మగవాళ్ళ వేషాల గురించి ఎన్ని నాటకాలు వేశామో లెక్కలేదు. సైరంధ్రి సంగతి? పందెం కాసింది ఆవిడా? కాదు. కానీ వేషం ఆవిడకీ తప్పలేదు. పైగా అందరికన్నా ఎక్కువ పడ్డదీ ఆవిడే.

మా అత్తగారూ అంతే. మందుల కోసం వెళితే చీటీ మీద ఆ ఇంకో పేరుకి భార్య. ఊళ్ళో రేషను కార్డు మీద ఈ పేరుకి భార్య. ఏ కాగితం ఎక్కడ చూపించాలో, ఎక్కడ చూపించకూడదో ముప్పై ఆరేళ్ళు మరిచిపోకుండా గుర్తుపెట్టుకోవాలి. ఆడపడుచు గోదావరిఖని బజార్లో "ఓ అన్నా" అని పేరు పెట్టి పిలవబోతే, పరుగున వెళ్ళి నోరు మూశారట ఒకసారి. ఇంటి ముందు జీపు ఆగిందంటే ఆవిడ గుండె ఆగేది. ఆ పేరుగల మనిషికి నేను పెళ్ళాన్ని కాదని ఎవరైనా అడిగితే ఏం చెప్పాలి అని, బియ్యం ఏరుతూ జవాబులు అల్లుకునేవారట.

ఒక సౌకర్యం మాత్రం ఉండేదని ఆవిడే నవ్వుతూ చెప్పారు. వెనకటి ఆడవాళ్ళు మొగుడి పేరు నోటితో చెప్పరు కదా. కొత్తలో గడప దగ్గర నిలబెట్టి ఆడపడుచులు పేరు చెప్పించే వేడుకనాడు ఒక్కసారి, అదీ గొణిగినట్టు చెప్పారట. ఆ తర్వాత "పిల్లల నాయిన" తప్ప ఇంకో మాట లేదు. "మంచిదే ఆయె బిడ్డా. రెండు పేర్లల్ల ఏదీ నోటికి రాకపాయె. తప్పు మాట్లాడుతనన్న భయం లేకపాయె" అనేవారు.

2004లో ఆ బావగారు పోయారు. మామగారే పాడె మోశారు. ఆ రోజు ఆయన నడక నాకింకా కళ్ళకి కట్టినట్టే ఉంది. తలవంచుకుని, ముందు కొమ్ము భుజాన వేసుకుని, ఎవరితో మాట్లాడకుండా. అవతల ఆడవాళ్ళు ఏ పేరు పెట్టి ఏడుస్తున్నారో, అదే పేరు ఈయన టోకెను మీద ఉంది. మర్నాడు ఫస్టు షిఫ్టు. తెల్లవారకముందే మామగారు సద్దిగిన్నె సైకిలుకి తగిలించుకుని వెళ్ళి, చనిపోయిన మనిషి పేరుకి "హాజర్" అని వచ్చారు. ఆ రాత్రి అన్నం సగమే తిన్నారు. "నిన్న నన్ను నేనే మోసిన" అన్నారు, అదీ అత్తగారితో. ఆయన మాట్లాడే మనిషి కాదు.

మీరడగచ్చు, ఇంత కష్టపడి నిలబెట్టిన పేరు వల్ల ఏం మిగిలింది అని. ఇల్లు మిగిలింది. ఆడపడుచుల పెళ్ళిళ్ళయ్యాయి. మా ఆయన డిగ్రీ చదివారు. కానీ మా ఆయన బడి సర్టిఫికెట్టులో తండ్రిపేరు అసలు పేరు. రికార్డులోని ఆ పేరుగల మనిషికి కొడుకులే లేరు. మామగారు ఒళ్ళు బాగోక ముందే పని మానుకుని కొడుకుని ఆ చోట పెడదామని ఒకసారి అనుకున్నారు. కాగితాలన్నీ చాప మీద పరిచి, ఈ వైపు ఒక పేరూ, ఆ వైపు ఒక పేరూ చూసుకుని, మళ్ళీ ట్రంకుపెట్టెలో సర్దేశారు. మా ఆయన ఇవాళ పుస్తకాల దుకాణం నడుపుతున్నారు. తండ్రిని ఒక్కమాటన్నది నేను వినలేదు. కానీ మా అమ్మాయి పుట్టినప్పుడు సర్టిఫికెట్టు మీద తన పేరులో ఒక్క అక్షరం తప్పు పడితే, నాలుగుసార్లు తిరిగి దిద్దించుకొచ్చారు.

2010లో మామగారు రిటైరయ్యారు. శాలువా కప్పి, దండ వేసి ఫోటో తీశారు. కింద ఆ పేరు రాసి ఉంది. ఫోటో గోడకి తగిలించి, మా అత్తగారు పేరు కనబడకుండా కింది అంచుకి ఎర్రరంగు కాగితం అతికించారు. ఆ తర్వాత తొమ్మిదేళ్ళు ఆయన ఊళ్ళో సొంతపేరుతో తిరిగారు. ఎవరైనా వెనకనుంచి పిలిస్తే మాత్రం ఒక్క క్షణం ఆగి, తనకేనా అన్నట్టు చూసేవారు.

2019లో పోయారు. మూడోనాడు గోదావరి ఒడ్డున పిట్టకి పెట్టాం. మా వైపు అది పెద్ద పరీక్ష. విస్తట్లో ఆయనకిష్టమైనవన్నీ పెట్టి, అందరం దూరం జరిగి నిలబడాలి. పిట్ట వచ్చి ముట్టితే పోయినవాడికి తృప్తి. ముట్టకపోతే మనసులో ఏదో ఉండిపోయినట్టు. ఎంతసేపటికీ పిట్ట రాలేదు. కొడుకు వెళ్ళి "నాయినా, అవ్వను మంచిగ జూసుకుంటం" అన్నాడు. కూతుళ్ళు ఏడ్చారు. బాయి దోస్తులు నలుగురు వచ్చారు. వాళ్ళకి తెలిసిన పేరు వాళ్ళు పెట్టి, "ఓ అన్నా, తిను రాదే" అని పిలిచారు. పిట్టల్లేవు. ఎండెక్కుతోంది.

అప్పుడు మా అత్తగారు ముందుకి వచ్చారు. విస్తరి దగ్గర నిలబడి, నోరారా, ఊరంతటికీ వినబడేలా, పెద్దగొంతుతో మొగుణ్ణి పేరు పెట్టి పిలిచారు. అసలు పేరు. గడప దగ్గర గొణిగిన నలభై ఆరేళ్ళ తర్వాత రెండోసారి.

కాకి అప్పుడే వాలిందో, అంతకుముందే వచ్చి చెట్టుమీద కూచుందో నేను చెప్పలేను. నేను ఆవిడ మొహం వైపే చూస్తున్నాను.

ఆ పేరు ఏమిటో ఇక్కడ రాయను. రెండో పేరూ రాయను. ఆ పేరుకి పింఛనూ, ఈ పేరుకి పిండమూ అని మా ఆయన అప్పుడప్పుడు అంటుంటారు.

మళ్ళీ చిక్కుడుకాయల దగ్గరికి వద్దాం. పుస్తకంలో ఇంకా కొన్ని పేజీలున్నాయి. 1945 ఆగస్టు 18న తైహోకులో విమానం కూలింది. దాని మీద 1956లో షానవాజ్ ఖాన్ కమిటీ, 1970లో ఖోస్లా కమిషన్, 1999లో ముఖర్జీ కమిషన్ వేశారు. మొదటి రెండూ ఆయన ఆ ప్రమాదంలోనే పోయారన్నాయి. మూడోది కాదంది. 2006లో ప్రభుత్వం ఆ మూడోదాన్ని ఒప్పుకోలేదు. చితాభస్మం అన్నది టోక్యోలోని రెంకోజీ గుళ్ళో ఉంది.

"మల్ల పెండ్లాం లేదా?" అన్నారు మా అత్తగారు.

ఉంది. పేరు ఎమిలీ. వియన్నా ఆవిడ. 1942 నవంబరులో కూతురు అనిత పుట్టింది. పాప మూడునెలలది కాకముందే ఆయన జలాంతర్గామి ఎక్కేశారు. ఆ తర్వాత ఆవిడ ట్రంకు టెలిఫోను ఎక్స్ఛేంజీలో పనిచేసి పిల్లని పెంచుకుంది. మళ్ళీ పెళ్ళి చేసుకోలేదు. విమానం కూలిన వార్త ఆవిడకి ఎవరూ ఇంటికొచ్చి చెప్పలేదు. వంటింట్లో తల్లితో, అక్కచెల్లెలితో కూచుని ఉన్ని ఉండ చుడుతూ రేడియో వింటుంటే వినబడింది. లేచి, పాప నిద్రపోతున్న గదిలోకి వెళ్ళి, మంచం పక్కన మోకాళ్ళమీద కూచుని ఏడ్చింది. 1996లో పోయింది. ఆ కూతురు మా నాన్న ఆ ప్రమాదంలోనే పోయాడు, ఆ భస్మాన్ని ఆయన దేశానికి చేర్చండి అని అడుగుతూనే ఉంది.

మా అత్తగారు చాలాసేపు మాట్లాడలేదు. ఈనెలు తీసిన కాయలన్నీ ఒక పక్కకి కుప్పచేశారు.

"అంటే, గా పిల్ల నాయిన పోయిండని ఏడుస్తాంటే, మనం ఈడ గుట్ట మీద సల్ల తాగిచ్చినమా?"

"అదేం లేదత్తమ్మా, అప్పుడు మీకు తెలీదు కదా."

"తెల్వదు. నిజమే. గని మీ మామకు తెల్సు."

నాకు అర్థం కాలేదు. అప్పుడు చెప్పారు, ఇన్నేళ్ళలో నాకెప్పుడూ చెప్పని ముక్క. ఆ సాధువు కబురు విన్న రాత్రి మామగారు రెండో షిఫ్టు నుంచి వచ్చి, అన్నం తింటూ విన్నారట. ఊరంతా నేతాజీ అంటుంటే ఆయన ఒక్కరే ఊఁ కొట్టలేదట. తెల్లారగట్ల, ఊరికన్నా ముందు, ఒక్కరే సైకిలు మీద రామగిరికి వెళ్ళొచ్చారట. వెళ్ళేటప్పుడు వెనక ఉన్న పాత గొంగడి వచ్చేటప్పుడు లేదట.

"ఏం మాట్లాడినవంటే, ఏం మాట్లాడలేదన్నడు. పేరడిగినవా అంటే కోపం జేసిండు. పేరడిగితే నవ్వేటోన్ని రెండోసారి అడుగద్దు, పొద్దుగాల ఊరోల్లంత పోయి అడుగుతరు, దూరం పొమ్మని చెప్పచ్చిన అన్నడు."

ఇదండీ సంగతి. సగం ఊరు చెంబులతో పరుగెత్తేసరికి సాధువు ఎందుకు మాయమయ్యాడో మా ఇంట్లో ఒకరికి మొదట్నించీ తెలుసు. అప్పటికి నాలుగేళ్ళుగా తనూ ఇంకో పేరుకి పలుకుతున్న మనిషి, ఇంకొకణ్ణి పేరు అడిగే జనం నుంచి తప్పించాడు. ఆ సాధువు ఎవరో, ఎక్కడ ఎవర్ని విడిచి వచ్చాడో, ఆయన కోసం ఏ వంటింట్లో ఎవరు ఎదురుచూశారో మాకెవరికీ తెలియదు.

మా అత్తగారు లేచి దేవుడి గూటి దగ్గరికి వెళ్ళారు. చెంబు తీసి తెచ్చి నా చేతికిచ్చారు.

"రేపటి సంది దీంట్ల సల్ల పొయ్యి. ఉట్టిగ ఎందుకు బోర్లిచ్చుడు."

మా అమ్మాయి ఊరుకుంటుందా? "మరి నేతాజీ బాకీ, నానమ్మా?"

"నేతాజీ ఎవడే? ఎవలో తల్లి కన్న కొడుకు. దూపయితే సల్ల తాగిండు, పోయిండు. బాకీ ఏంది?"

మర్నాడు మధ్యాహ్నం ఆ చెంబులోనే మజ్జిగ కలిపాను. కొంచెం ఉప్పు ఎక్కువైంది.